కూలిన యింటి కలప

ఒక నిర్మాణము నాలుగు దినములలో విప్పివేయబడునని ముందుగనే యెరిగియుండియు దానిని శ్రద్ధతోను శ్రమతోను ధనవ్యయముతోను నిలుపుట వివేకమా, అవివేకమా? అందులకు వలసిన సామగ్రి యితరులు కాపురముండి విడిచిన యిండ్ల దూలములు, ద్వారబంధములు, పెంకులు, ఇటుకలు నైనపుడు ప్రశ్న మరింత కఠినమగును. ఇటీవల పాశ్చాత్యదేశములం దిట్టి నిర్మాణములను కళయందు జేర్చి మిక్కిలి యాదరించుచున్నారు. ఆరుబయట నొక స్థలమును ఎన్నుకొందురు. ఆ స్థలమునకే తగినట్లుగా కూల్చిన కట్టడముల శేషములతో నొక రూపమును నిలుపుదురు. గడువు తీరగనే తొలగింతురు. ఆ రూపమును మరియొకచోట నిలిపిన దానికి అర్థముండదు. ఈ మాట వినినపుడు మన పెద్దలలో కొందరు నవ్వుదురు; యువకులలో కొందరు క్రొత్తదగుటచేతనే మెచ్చుకొందురు. నవ్వుటకును మెచ్చుటకును ముందు విషయమును కొంచెము విచారింతము.

ఇంగ్లండు దేశమున బ్రిస్టలను రేవుపట్టణము కలదు. అందలి టెంపుల్ చర్చి యను పురాతన ప్రార్థనాలయము 1940వ సంవత్సరము నవంబరు నెలలో జర్మను విమానముల బాంబులకు గురియై, పైకప్పు కాలిపోయి, గోడలతోను గోపురముతోను మిగిలెను. డెబ్బదియైదేండ్ల పిమ్మట, 2015వ సంవత్సరమున, థియాస్టర్ గేట్స్ అను చికాగో నగరపు కళాకారుడు ఆ మొండిగోడల నడుమ నొక చిన్న మందిరమును కట్టించెను. దానికి సాంక్టమ్ అని పేరు. మనమైనచో గర్భగృహ మందుము. దాని సామగ్రి యా నగరమందే పూర్వము జనులు కూలిపని చేసిన తావులనుండియు, దైవమును గొలిచిన తావులనుండియు సేకరింపబడెను. అక్టోబరు 29 మొదలు నవంబరు 21 వరకు, ఇరువదినాలుగు దినములు, రేయింబవళ్లు, 552 గంటలపాటు అందు ధ్వని యాగలేదు. గాయకులు, వాద్యకారులు, కవులు, ప్రసంగించువారు ఒకరివెంట నొకరు వచ్చుచుండిరి. ఎప్పుడెవరు వత్తురో ముందుగా ప్రకటింపలేదు. గడువు తీరినది, మందిరమును తీసివేసిరి. మన పల్లెలలో సప్తాహభజన యెరిగినవారికి ఇందలి యఖండధ్వని క్రొత్త కాదు. నన్ను ఆలోచింపజేసినది మరియొక విషయము. బ్రిస్టలు పదునెనిమిదవ శతాబ్దమున ఆఫ్రికా బానిసల వర్తకముచే ధనము గడించిన నగరము. ఏ జాతిజనులను సరకుగా నమ్మిరో ఆ జాతికి చెందిన యొకడు అచ్చటికి వచ్చి, ఆ నగరపు పాతకలపనే యడిగి పుచ్చుకొని, అందరికిని ఒక నీడ కల్పించి, తిరిగి తీసివేసి పోయెను. విగ్రహము నిలుపలేదు, శిలాశాసనము చెక్కింపలేదు.

దీనిని విదేశీయుల విపరీతముగా తలపనక్కరలేదు. మన పెండ్లిపందిరి యేమి? ఇంటిముందరి ఖాళీస్థలమును కొలిచి, ఆ యింటికే సరిపడునట్లు గుంజలు పాతి, పచ్చనాకు కప్పి, అయిదుదినములు దానియందే లోకమంతయు నున్నట్లు మెలగి, ఆరవదినమున విప్పుదుము. ఆ గుంజలే వేరొకరి యింటికి పోవును. ఒకే వెదురు ఎన్ని పెండ్లిండ్లు చూచినదో పందిరి వేయువాడే యెరుగును. పార్థివలింగమును పూజించువాడు పుట్టమన్నుతో లింగమును చేసి, ఆవాహనము చేసి, పూజానంతరమున ఉద్వాసన చెప్పి నీట కలుపును. మన శాస్త్రకారులు ఆవాహనమునకెంత విధి యేర్పరచిరో ఉద్వాసనకును అంత విధి యేర్పరచిరి. పంపుట యెరుగనివానికి పిలుచుట తగదని వారి యభిప్రాయము కాబోలు. బతుకమ్మను తొమ్మిదిదినములు పేర్చి చెరువునందు విడుతుము. మా జిల్లాకు పొరుగుననే యున్న మేడారమున రెండేండ్లకొకమారు మాఘమాసమున వనదేవతలను గద్దెలకు తెత్తురు. నాలుగవదినమున వారు వనమునకు మరలుదురు. వారికి గర్భగుడి లేదు, మలచిన ప్రతిమ లేదు. లక్షలకొలది జనులు ఆ నాలుగుదినములకై వత్తురు.

ఇన్నిటి నెరిగియు మనము అస్థిరమైనదానిని కళ యనుటకు సందేహింతుము. ఇందులకొక కారణమున్నది, చెప్పక తప్పదు. మన యిండ్లయందు అస్థిరమైన కళలన్నియు స్త్రీల చేతులలో నున్నవి. తెల్లవారుజామున ఇల్లాలు వాకిట చుక్కలు పెట్టి, మనస్సులో లెక్క తప్పక, చేయి యెత్తక ఒక ముగ్గు వేయును. మధ్యాహ్నమునకు పశువుల కాళ్లక్రిందను, ఇంటాయన చెప్పులక్రిందను అది తుడిచిపోవును. దానికి మెప్పు లేదు. అదే రూపమును రాతిపై చెక్కిన పురుషుని పేరు వ్రాసికొందుము. తుడిచిపోవుటచేతనే ముగ్గు కళ కాదందుమేని సంగీతము కళ యెట్లగును? రాగము పాడినంతసేపే యుండును. దానిని వృథావ్యయమని యెవ్వడు ననడు. కావున క్షణికత్వము దోషము కాదు. సంగీతము ఊపిరిని వ్యయపరచును. ఈ కళ కలపను వ్యయపరచును. భేదము అందున్నది. కలపను గూర్చియే మాటాడుదము.

ఒక యింటి కలప మరియొక యింటికి కూడదని వాస్తు చెప్పువారు భయపెట్టుదురు. వరాహమిహిరుడు బృహత్సంహితయందు శ్మశానమునందలి చెట్లు, దేవాలయముచెంతవి, పిడుగుపడినవి గృహనిర్మాణమునకు పనికిరావని వ్రాసియున్నాడు. పగిలినదానిని, పుచ్చినదానిని వర్జింపుమనుటలో న్యాయమున్నది. తక్కినది యాయా కాలపు విశ్వాసము. కాని ఈ నిషేధమును మన్నించువా రెవరు? టేకుకలప ధర పెరిగిన నాటనుండి వాస్తు చెప్పువాడు సయితము పాతదూలమును చిత్రిక పట్టించి వాడుకొనుచున్నాడు. ధనికులు మరియొక యడుగు ముందుకు వేసిరి. తెలంగాణమునందలి పాత గడీలు కూలుచుండగా వాని చెక్కడపు తలుపులను, నగిషీ స్తంభములను కొనిపోయి తమ విందుశాలలయందు, హోటళ్లయందు నిలుపుకొనుచున్నారు. ఆ తలుపులయందలి పువ్వును చూచి అతిథులు మెత్తురు. ఆ కలపను అడవినుండి మోసినవారికి కూలి యిచ్చిరా, వెట్టిపనిలో మోయించిరా యని యడుగువాడు లేడు. గడీల వెట్టి యెట్టిదో, 1946 మొదలు 1951 వరకు ఈ తెలంగాణము దానిపై నెట్లు తిరుగబడినదో పాఠపుస్తకములయందున్నది. ఆ గడీతలుపు మాత్రము విందుశాలలో నొక నోరులేని యలంకారమైనది.

ఇట్లనుటచేత పాతసామాను వాడుకొనుట తప్పని నా భావము కాదు. ఓరుగల్లుకోటను చూచినవారు కోటగోడలయందు దేవాలయముల చెక్కడపురాళ్లు ఇమిడియుండుటను గమనించియుందురు. స్వయంభూశివుని యాలయము కూలినది. దాని నాలుగు తోరణములు నిలిచినవి. తక్కిన రాళ్లు కొన్ని గోడకెక్కినవి, కొన్ని నేలపై పడియున్నవి. లోకమున కట్టడముల చరిత్రయంతయు ఒకరి రాయి మరియొకరి గోడకెక్కిన చరిత్రయే. ఆ రాయి యేరీతిగా వచ్చినదన్నదే మనము తెలిసికొనవలసినది.

ఇచ్చట మన గృహస్థుడొక ప్రశ్న వేయును. దానిని నేను తేలికగా త్రోసివేయజాలను. "అయ్యా, ఆ నాలుగు దూలములును, ఇరువది వాసములును, వేయి పెంకులును ఒక బీదకుటుంబమున కిచ్చినచో వానకాలమున తలదాచుకొనును గదా! వాటితో ఆరుబయట నొక వింతరూపము నిలిపి, నాలుగుదినములు చూచి విప్పుట కడుపునిండినవాని వినోదము కాదా?" ఈ మాటనే మన వివాహములయందలి విద్యుద్దీపములను గూర్చియు, వినాయకచవితినాటి నిలువెత్తు బొమ్మలను గూర్చియు అడుగవచ్చును. హైదరాబాదున ఖైరతాబాదు గణపతి 1954వ సంవత్సరమున ఒక్కయడుగు బొమ్మగా మొదలై, 2024లో డెబ్బదియడుగుల వాడయ్యెను, పదునొకండవదినమున నీటిపాలగుచున్నాడు. అక్కడ మనము బీదవానిని తలపము. కాని ఇది ప్రత్యుత్తరము కాదు, ఎత్తిపొడుపు మాత్రమే. ఒకచోటి దుర్వ్యయము మరియొకచోటి దుర్వ్యయమును సమర్థింపజాలదు.

నిజమైన ప్రత్యుత్తరము కట్టెడివిధమునం దున్నది. దూలమును కోయక, మేకులతో చిల్లులు పొడువక, త్రాళ్లతో బిగించి నిలిపినచో అయిదవనాడది మరల దూలమే. పెంకును పగులగొట్టి అతికినచో పెంకు పోయినది. పేర్చి నిలిపినచో పెంకు పెంకుగానే యున్నది. పందిరి వేయువానికి ఈ సంగతి నేర్పనక్కరలేదు; పట్టణపు కళాకారునికి మాత్రము నేర్పవలసియుండును. అట్లు కట్టిన నిర్మాణము బీదవాని కలపను నాలుగుదినములు ఎరువు తెచ్చుకొన్నట్టిదే గాని హరించినట్టిది కాదు. ఆ నాలుగుదినములకు అద్దె యీయవలెను. మోసిన కూలివానికి, కట్టిన వడ్రంగికి వారి ప్రతిఫలము ముందుగా ముట్టవలెను. నాలుగుదారుల కూడలియందు కంచుతోనో సిమెంటుతోనో పోతపోసిన ప్రతిమకు పట్టిన ద్రవ్యము మరల నెన్నటికిని ఇంటిపనికి రాదు. ఈ లెక్కన చూచినచో శాశ్వతకళయే ఎక్కువ వ్యయకారి.

ఇంతవరకు ధనమును గూర్చిన లెక్క. దీనికన్న బరువైన సందేహమింకొకటి యున్నది. మా యూరిని ఉదాహరణముగా చెప్పుదును.

మా మహదేవపూరు దసలిపట్టునకు పేరుపడిన యూరు. అడవియందు మద్దిచెట్లపై పెరిగిన పురుగు తన నోటిదారముతో తనచుట్టు నొక గూడు కట్టుకొని యందు నిద్రించును. ఆ గూడు మనకు రెండువిధములుగా లభించును. రెక్కలు వచ్చిన జీవి గూటిని చీల్చుకొని పోయిన పిదప దొరకునది మొదటిది. జీవి లోపల నుండగనే ఆవిరిపట్టి చంపి తీసికొనునది రెండవది. మొదటిదాని దారము తెగిపోయియుండును, దూదివలె వడకవలసినదే. రెండవదాని దారము తెగక సాగును. నేతకు సుఖము, చీరెకు మెరుపు, అంగడియందు ధర. నేసిన పిదప ఆ రెండును పట్టే. నేతగాని జీవనమును నేను నిందింపను. ఆ వృత్తి యీ ప్రాంతమున ననేకులకు అన్నము పెట్టినది. కాని పాత యింటి కలపతో కళ చేయుదుమనువారు ముందుగా నడుగవలసిన ప్రశ్న ఆ గూటియందే యున్నది. ఆ యిల్లు విడువబడినదా, ఖాళీ చేయింపబడినదా?

ఒక కుటుంబము వృద్ధిలోనికి వచ్చి పెంకుటిల్లు విప్పి మేడ కట్టుకొన్నది. పాత ద్వారబంధము పెరటిలో పడియున్నది. దానిని అడిగి తెచ్చి నిలుపుట నిర్దోషము. మూతపడిన కార్ఖానా తలుపు సంగతి కొంత భిన్నము. అది మూతపడినప్పుడు కొందరి జీవనము పోయినది, ఐనను వారు దానిని చూచి తమదిగా గుర్తించి సంతోషింపవచ్చును. ఊరికి ఊరే లేచిపోయినచోటి కలప సంగతి యేమి? ఛండీగఢ్ నగరమును నిర్మించుటకై అచ్చటి పల్లెల ననేకములను తొలగించిరి. దేశవిభజనమున తన యూరు పాకిస్తానమునకు పోగా ఇటువచ్చిన నేక్‌చంద్ అను నతడు ఆ నగరపు పనులలో రోడ్ల తనిఖీదారుగా నుండెను. అతడు 1950ల చివర మొదలిడి, సర్కారు అడవిలో రహస్యముగా, కూల్చిన యిండ్ల శకలములను, పగిలిన గాజులను, పింగాణిముక్కలను ప్రోగుచేసి జనులను, జంతువులను, జలపాతములను కల్పించెను. చాల యేండ్లెవ్వరికిని తెలియలేదు. తెలిసిన పిదప అధికారులు కూల్చివేయ దలచి, మరల మనసు మార్చుకొని, 1976వ సంవత్సరమున దానిని ప్రజలకు తెరచిరి. అతడు 2015లో కాలధర్మము నొందెను. ఆ యుద్యానము నేడును చూచువారితో నిండియున్నది. అతడు తానే యిల్లు పోయినవాడు. ఇల్లు పోయినవాడు మరియొకరి కూలిన గోడను చేతితో తాకుటకును, ఇల్లు కూల్చించినవాడు తాకుటకును భేదమున్నది. రాతిముక్కయందు ఆ భేదము కనబడదు. అయినను అది నిజము.

మన తెలుగునాటికి వత్తము. నాగార్జునసాగరము కట్టుటకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. దాని నీటిలో మునుగనున్న నాగార్జునకొండ లోయయందు 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపి, ఇక్ష్వాకుల కాలపు విహారములను, స్తూపములను రాయిరాయిగా పైకి తెచ్చి కొండపైనను అనుపు వద్దను మరల పేర్చిరి. శ్రీశైలజలాశయమునకు లోనుకానున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమున నిలబెట్టిరి. ఇవి మెచ్చదగిన పనులు. ఒక్కమాట మాత్రము గమనింపుడు. రాజు కట్టించిన రాతికి ఏనుగుబలము. అది మునుగకముందే సర్కారు దానిని మోసికొనివచ్చును. రైతు కట్టుకొన్న గుమ్మమునకు ఎవ్వరును రారు. దానిని రైతే పీకికొని బండిపై వేసికొని పోవలెను. మా మండలమునందలి కన్నెపల్లివద్ద గోదావరినుండి ఎత్తిన నీటిని ఎక్కడికి కొంపోవలెనని సంకల్పించిరో ఆ మల్లన్నసాగరము క్రింద, సిద్దిపేట జిల్లాయందు, వేములఘాటు, ఏటిగడ్డకిష్టాపూరు, పల్లెపహాడు మున్నగు నూళ్లు ఖాళీ అయినవి. 2022వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆ జలాశయమును ప్రారంభించిరి. మునక గ్రామముల జనులు ఇల్లు విడుచునపుడేమి మోసికొనిపోవుదురో చూచినవారికి తెలియును: తలుపులు, ద్వారబంధము, దూలములు. క్రొత్తకాలనీ యిల్లు సిమెంటుది; వానికి అందు తావు లేదు. ప్రహరీగోడ కానించి యుంచుదురు. ఏటేట పసుపు కుంకుమలు పెట్టిన గడప అది. దానిని వంటచెరకు చేయుటకు మనసొప్పదు, వాడుటకు వీలు లేదు.

ఆ గోడ కానించిన ద్వారబంధములను తలచినపుడే ఈ నాలుగునాళ్ల కళయందు నాకు కొంత గౌరవము కలిగినది. రాజు రాతికి పట్టిన యాదరము రైతుగుమ్మమునకును పట్టవలెననుట ఇందలి భావమైనచో అది సంస్కారులైన వారందరు నాలకింపదగినది. తలుపు లేని గుమ్మములు వరుసగా నొక బయలులో నిలిచియున్నవనుకొనుడు. ఒక్కొక్కదాని వద్ద ఆ యింటివారు నిలిచి, ఇది మా తాత చేయించినది, ఇచ్చట మా యక్కకు హారతిచ్చితిమి అని చెప్పుకొనుచున్నారనుకొనుడు. చూడవచ్చిన పొరుగూరివానికి లెక్కలయందు కనబడని దేదో అప్పుడు కనబడును.

అది కలకాలము నిలువవలెనా? ఇచ్చట నేను మన పెద్దల మార్గమునే యవలంబింతును. వారు దుఃఖమునకు గడువు పెట్టిరి. పోయినవానికై పదిదినములు సూతకము, పండ్రెండవనాడు సపిండీకరణము, పిదప ఏటికొక దినము. ఆ కర్మకాండయందు జొచ్చిన యాడంబరములను, కులభేదములను, విధవల నవమానించు నాచారములను మనమెంత ఖండించినను, గడువు పెట్టుటలోని దయను కాదనరాదు. పదిదినములు ఏడ్వనిచ్చిరి, పదకొండవదినమున పనికి పంపిరి. రాతిస్తంభమో, అట్లు కాదు. అది ప్రతిదినమును ఒకేరీతిగా నుండి, మొదట చూపును, పిదప అలవాటును, తుదకు మరపును తెచ్చును. మా బడిపిల్లలను కూడలియందలి ప్రతిమ యెవరిదని యడిగినచో సగమందికి తెలియదు. దినమున కిరుమారులు దాని ప్రక్కనే నడచిపోవుదురు.

కాని నేనే ఈ వాదమునకు ఎదురుతిరుగవలసియున్నది. గడువుగల దుఃఖము ఋణపడినవానికి మిక్కిలి యనుకూలము. నష్టపరిహారము చెల్లింపనివాడు, చెల్లించుటలో తరుగు తీసినవాడు, అట్టి కళోత్సవమునకు తానే ధనమిచ్చి, దీపము వెలిగించి, కన్నీరు తుడుచుకొని, అయిదవనాడు సామగ్రి బండ్లకెక్కగానే ఇక ఈ ప్రస్తావన ముగిసినదనును. మృతునికై యేడ్చు గడువు వేరు. మృతుని భూమిని ఆక్రమించినవాడు దానిని తిరిగి యిచ్చు గడువు వేరు. మొదటిది పదిదినములు, రెండవది యిచ్చువరకును. ఈ రెంటిని కలిపివేయు కళ యెంత రమ్యమైనను కపటమే. కావున ఎవరి ధనముతో ఆ నిర్మాణము జరుగుచున్నదని యడుగుట మోటుతనము కాదు. మొట్టమొదట నడుగవలసిన మాట అదియే.

శాశ్వతత్వమును గూర్చియు మనము కొంత యతిశయోక్తి విడువవలెను. పాలంపేటయందలి రామప్పగుడిని 1213వ సంవత్సరమున, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. పునాదిక్రింద ఇసుక, శిఖరమున నీటిపై తేలు నిటుకలు. చూచినవాడు ఇది నిలుచునా యనును. ఎనిమిదివందలయేండ్లు నిలిచినది, 2021వ సంవత్సరము జులై నెలలో ప్రపంచవారసత్వస్థానములలో చేరినది. మా మండలమందే మేడిగడ్డవద్ద గోదావరికడ్డముగా ఎనుబదియైదు గేట్లతో కట్టిన యానకట్టను 2019వ సంవత్సరము జూను 21వ తేదీన ప్రారంభించిరి. 2023 అక్టోబరు 21వ తేదీ రాత్రి దాని స్తంభములు కొన్ని క్రుంగెను. అది యెవరి లోపమో నిర్ణయించుట ఈ వ్యాసమునకు సంబంధింపదు. ఇంజనీర్లు, న్యాయమూర్తులు ఉన్నారు. నిలుచుననుకొన్నది నాలుగేండ్లలో క్రుంగుటయు, ఇసుకపై నిలిపినది ఎనిమిదివందలయేండ్లుండుటయు కన్నులారా చూచుచున్నవారము గనుక, నాలుగుదినములని నిజము చెప్పి నాలుగుదినములే నిలుచుదానిని చూచి నవ్వుటకు మాకు అధికారము తక్కువ.

రామప్ప ఆవరణమునందే కామేశ్వరాలయమని యొకటి కలదు. జీర్ణోద్ధరణమునకై దానిని విప్పి రాళ్లను ప్రక్కన ఉంచిరి. అవి యేండ్లతరబడి యట్లే పడియుండెను. ఒక మిత్రుడు వానిని చూచి, మీరు చెప్పు కళ యిదే గదా, విప్పిన కట్టడము, ఆరుబయలు, అన్నియు నున్నవి అని హాస్యమాడెను. హాస్యమైనను మంచి ప్రశ్న. నా సమాధానమేమనగా, ఆ రాళ్లు తిరిగి గుడి యగుటకై వేచియున్నవి. వానిని అట్లుంచినవా డెవ్వడును చూపరులతో నేమియు చెప్పదలపలేదు. పందిరి గుంజలు పెరటిలో పడియున్నపుడు పందిరి కాదు. ఎవడైన వానిని పాతి, రండని పిలువవలెను.

కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరితో కలియుచోట ఎండకాలమున ఇసుకబయలు విశాలముగా నుండును. 2025వ సంవత్సరము మే నెలలో సరస్వతీపుష్కరములు జరిగినపుడు ఆ యిసుకపై యాత్రికులకై చలువపందిళ్లు వేసిరి. పండ్రెండుదినముల పిమ్మట తీసివేసిరి. ఎవరైన యువకులు అచ్చట పాతయిండ్ల కలపతో నట్టి రూపమును నిలుప దలతురేని నాకు రెండు మూడు కోరికలున్నవి. మృగశిరకార్తె ప్రవేశించుటకు ముందే అన్నిటిని విప్పి యెవరివి వారికి బండిలో పంపవలెను. ఏరు వచ్చువరకు ఉంచి, గోదావరియే తీసికొనిపోయినదని కవిత్వము చెప్పరాదు. ప్రతి దూలముపైనను అది యే యూరిదో, ఏ యింటిదో సుద్దతో వ్రాయవలెను. కట్టినవాని పేరు చివర నెచ్చటనైన నుండవచ్చును, లేకున్నను లోపము లేదు. మునకగ్రామపు ముసలమ్మ యెవరైన కట్టడము సగమైన పిదప వచ్చి, నాయనా, నా గడప నాకిచ్చివేయుడు, నలుగురు త్రొక్కుట చూడలేను అన్నచో, కారణమడుగక అప్పుడే విప్పి యిచ్చివేయవలెను. ఆ తావును వేరొక గడపతో పూడ్పక ఖాళీగనే యుంచవలెను.